పిల్ల అంటే చిన్న రొయ్య కాదు

రొయ్యని రెండు రకాలుగా లెక్కపెడతారు. కావలి నుంచి తుమ్మలపెంట వైపు వెళ్ళినా, పైకి రామాయపట్నం దాకా పోయినా, కిందికి జువ్వలదిన్నె దాటినా ఈ రెండు లెక్కలే వినిపిస్తాయి. గుంటలోకి వదిలేటప్పుడు లక్షల్లో: "ఎన్ని లక్షలు వేశారన్నా?" పట్టేటప్పుడు కిలోకి ఎన్ని తూగుతాయి అని: ముప్పై కౌంటు, యాభై కౌంటు, వంద కౌంటు. మొదటి లెక్కలో దాని పేరు సీడ్. రెండో లెక్కలో దాని పేరు రొయ్య. ఈ రెండు పేర్ల మధ్య ఉన్న మూడు నాలుగు నెలల్లో అది ఎప్పుడు "సీడ్" కావడం మానేసింది, ఎప్పుడు "రొయ్య" అయింది అని అడిగితే గుంట మీద ఉండే మనిషి నవ్వుతాడు. అది అతనికి అక్కర్లేని ప్రశ్న. నాకు మాత్రం ఆ "సీడ్" అన్న మాట దగ్గర కాలు ఆగిపోతుంది.

విత్తనం అన్నాక దానికి సొంతంగా ఒక బతుకంటూ ఉండదు. కాబోయేది ఏదో ఉంది, దానికోసం ఇది ఉంది. మొలకెత్తకపోతే విత్తనం "బాలేదు" అంటాం, కంపెనీని తిడతాం. విత్తనానికి ఏమైందని బాధపడం. మరి రొయ్య పిల్ల విత్తనమా? ఇంకా ముందుకెళ్ళి, ఏ పిల్లైనా విత్తనమా? ఎదగని ప్రాణి అంటే పూర్తికాని ప్రాణి అనేనా అర్థం? సమాధానం తేలిగ్గా "కాదు" అనేయొచ్చు. కానీ మనం బతికే పద్ధతి చూస్తే "అవును" అన్నట్టే ఉంటుంది.

ముందు ఆ పిల్ల ఎలా ఉంటుందో చూద్దాం. హేచరీలో తల్లి వెనామీ ఒక రాత్రి లక్షకు పైగా గుడ్లు వదులుతుంది. పదిహేను గంటలు అటూఇటూగా అవి పొదుగుతాయి. బయటికి వచ్చేదాన్ని నాప్లియస్ అంటారు. మైక్రోస్కోపు కింద పెట్టి చూపించి ఇది రొయ్య అంటే నమ్మబుద్ధి కాదు. తోక లేదు, పెంకు లేదు, నోరుండీ తినదు. ఒకే ఒక్క కన్ను, మూడు జతల అవయవాలు, కడుపులో అమ్మ పెట్టి పంపిన పచ్చసొన. వెలుతురు ఎటుంటే అటు పోతుంది. హేచరీలో దాన్ని పోగుచేసేది కూడా అలాగే: తొట్టి మీద ఒక లైటు పెడితే ఆరోగ్యంగా ఉన్నవన్నీ పైకి వస్తాయి, రానివి కింద ఉండిపోతాయి. రెండు రోజుల్లో పలుమార్లు రూపం మార్చి జోయియా అవుతుంది. అప్పుడు ఆకలి మొదలవుతుంది. కంటికి కనపడని నాచు తింటుంది, రోజంతా తింటూనే ఉంటుంది, వెనకాల దారంలా మలం వేలాడుతూ ఉంటుంది. ఆ దారం ఉంటే టెక్నీషియన్‌కి సంతోషం. తరువాతది మైసిస్. ఇది నీళ్ళలో తలకిందులుగా వేలాడుతూ తోక ముందుకుపెట్టి వెనక్కి ఈదుతుంది. ఇవన్నీ అయ్యాక, పొదిగిన పది రోజులకి అటూఇటూగా, పోస్ట్ లార్వా. అప్పటికి చూడగానే ఎవరైనా "అరే, రొయ్యే!" అంటారు.

ఇందులో నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం ఈత. నాప్లియస్ తల దగ్గరున్న మీసాలతో ఈదుతుంది. మైసిస్‌కి వచ్చేసరికి ఆ పని నడుం దగ్గరి కాళ్ళకి వస్తుంది. పోస్ట్ లార్వా పొట్ట కింద ఉండే తెడ్లతో ఈదుతుంది. అంటే ఈ ప్రాణి పది రోజుల్లో మూడుసార్లు ఈత కొత్తగా మొదలుపెడుతుంది. ప్రతిసారీ పాత అవయవానికి వేరే పని. మొదట తెడ్లైన మీసాలు చివరికి వాసన, స్పర్శ తెలుసుకునే మీసాలవుతాయి. చిన్న పడవ పెద్ద పడవ కావడం కాదు ఇది. ఒక పడవని విప్పి, నీళ్ళ మధ్యలో ఉండగానే, ఇంకో రకం పడవ కట్టడం. మధ్యలో మునగకూడదు.

అందుకే శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం మోసపోయారు. 1785లో డెన్మార్క్‌కి చెందిన ఒ.ఎఫ్. ముల్లర్ నాప్లియస్‌ని ఒక వేరే జీవి అనుకుని ఆ పేరు పెట్టాడు. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త బోస్క్ జోయియాని ఇంకో వేరే జీవి అనుకున్నాడు. ఐర్లండ్‌లో ఉండే జాన్ వాన్ థామ్సన్ అనే సైనిక వైద్యుడు 1820లలో సముద్రపు నీళ్ళు తెచ్చి గాజు పాత్రలో జోయియాలని పెంచి, ఇది వేరే జీవి కాదు, పీత పిల్ల అన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. వాళ్ళ దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది: మంచినీళ్ళలో ఉండే క్రేఫిష్ గుడ్డులోంచి వచ్చేటప్పుడే పెద్దదాని అచ్చు. మరి దాని చుట్టం పీత పిల్ల ఇంత వింతగా ఎందుకుంటుంది? తమాషా ఏంటంటే ఇద్దరూ చూసింది నిజమే. 1860లలో ఫ్రిట్జ్ ముల్లర్ బ్రెజిల్ తీరంలో రొయ్య కూడా నాప్లియస్‌గానే మొదలవుతుందని గుర్తించాడు. ఇక రొయ్య పిల్లల్ని మనిషి చేతుల్లో గుడ్డు నుంచి పెద్దయ్యేదాకా పెంచే దారి జపాన్‌లో ఫుజినాగా 1930లలో మొదలుపెట్టిన పని. నెల్లూరు తీరంలో ఉన్న ప్రతి హేచరీ ఆయనకి బాకీ.

తెలుగు భాష ఈ విషయంలో ఏం చేసిందో చూడండి. మేకపిల్ల, కోడిపిల్ల, పిల్లిపిల్ల. తేడా కొంచెమే ఉన్నచోట వెనకాల "పిల్ల" తగిలించి ఊరుకుంది. పులికి కూన, ఏనుగుకి గున్న. తేడా మరీ ఎక్కువున్న చోట చుట్టరికమే చెప్పలేదు: గొంగళిపురుగుని ఎవరూ సీతాకోకచిలుక పిల్ల అనరు. పశువుల దగ్గరికొచ్చేసరికి మాత్రం పేర్లే పేర్లు. లేగ, దూడ, పెయ్య, కోడె, గిత్త, ఎద్దు; గేదెకి పడ్డ. దూడ రూపం అంతగా మారిపోతుందని కాదు ఇన్ని పేర్లు. ఎప్పుడు పాలిస్తుంది, ఎప్పుడు కాడి మోస్తుంది అనేది మనకి కావాలి కాబట్టి. అంటే పిల్లల పేర్లలో కూడా ఎక్కువ కనిపించేది మన అవసరమే. రొయ్యకి పది రోజుల్లో నాలుగు బతుకులుంటే తెలుగులో ఒక్కదానికీ పేరు లేదు. ఆ పేర్లు గ్రీకు, లాటిన్ నుంచి ఇంగ్లీషు మీదుగా వచ్చాయి. అమ్మకానికి వచ్చే దశకి మాత్రం మనవాళ్ళు వెంటనే పేరు పెట్టుకున్నారు, సీడ్ అని.

పిల్లని "పూర్తికాని పెద్ద" అనుకునే ఆలోచన పాతది. అరిస్టాటిల్ దగ్గర దానికి మంచి రూపం దొరుకుతుంది: ఏ ప్రాణికైనా ఒక గమ్యం ఉంటుంది, అది ఎదిగిన రూపం, పిల్ల అక్కడికి చేరే దారిలో ఉంది. మన సామెత ఇంకా సూటిగా ఉంటుంది: మొక్కై వంగనిది మానై వంగునా? మొక్కకి మొక్కగా ఏం కావాలో ఈ సామెతకి పట్టదు. వంచడానికి వీలుగా ఉండటమే దాని గుణం. ఆరో తరగతి నుంచే "ఫౌండేషన్" పెట్టే బడులు ఈ సామెత మీదే నడుస్తున్నాయి. ఆ మాట వినండి ఒకసారి, ఫౌండేషన్. పదకొండేళ్ళ పిల్లాడు పునాది అట. పునాదిలో ఎవరూ కాపురం ఉండరు.

దీనికి జవాబు నాకు నీలకంఠ రొయ్య దగ్గర దొరికింది. నెల్లూరు జిల్లాలో ఒకప్పుడు విరివిగా పెంచిన మంచినీటి రొయ్య అది. పెద్దది మంచినీళ్ళలో హాయిగా బతుకుతుంది, జతకడుతుంది, గుడ్లు మోస్తుంది. గుడ్లు పొదిగి వచ్చిన పిల్లలు మాత్రం అదే మంచినీళ్ళలో కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు. 1960ల మొదట్లో మలయాలో షావ్-వెన్ లింగ్ కనిపెట్టాడు: పిల్లలకి ఉప్పు కావాలి. సహజంగా ఐతే తల్లి నది దిగి సముద్రం కలిసే చోటికి వస్తుంది, పిల్ల ఆ ఉప్పు కలిసిన నీళ్ళలో పెరిగి, రొయ్య రూపం వచ్చాక నది ఎక్కుతుంది. ఇక మన టైగర్ రొయ్య దీనికి తిరగేసి. పెద్దది సముద్రంలో లోతుకు పోయి గుడ్లు పెడుతుంది. పిల్ల తీరానికి కొట్టుకొచ్చి, ముఖద్వారాల్లో, మడుగుల్లో, పులికాట్ లాంటి ఉప్పుటేరుల్లో బాల్యం గడిపి తిరిగి సముద్రానికి పోతుంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం తెలుస్తుంది. పిల్లకి మంచిది అంటే పెద్దకి మంచిదాంట్లో తక్కువ డోసు కాదు. తల్లికి అమృతమైన నీళ్ళు పిల్లకి విషం కావొచ్చు. తల్లి ఎంత ప్రేమగా, తన అనుభవమంతా పోసి, తనకి పడిన నీళ్ళే పెట్టినా సరే. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అంటాం కదా, ఆ సామెత కూడా పశువైద్యం ముందు నిలబడదు. లేగదూడ చేలోనూ మేయదు, గట్టునా మేయదు. నెమరేసే పెద్ద పొట్ట దానికి ఇంకా పనిలోకి రాలేదు. తాగిన పాలు దాన్ని తప్పించుకుని వేరే దారిన నేరుగా నాలుగో పొట్టలోకి పోతాయి. ఆ కొన్ని వారాలు దూడ ఆవులా అరగించుకోదు. ఒకే పొట్ట ఉన్న జంతువులా బతుకుతుంది. అది లోపం కాదు, పాలు తాగే బతుక్కి అదే సరైన ఏర్పాటు.

ఐతే నాకు నేనే ఒక అడ్డు చెప్పుకోవాలి. నాప్లియస్ తినదు, వెతకదు, తప్పించుకోదు దాదాపు. అమ్మ ఇచ్చిన సొన కరిగించుకుంటూ ఇంకోటి కావడమే దాని పనంతా. దానికి "సొంత బతుకు" ఉందని ఎలా అంటాను? అక్కడ అరిస్టాటిల్ గెలుస్తాడు, ఒప్పుకోక తప్పదు. కొన్ని దశలు నిజంగానే సన్నాహాలు. జోయియా అలా కాదు. దానికి ఆకలుంది, దాని ఆకలికి దాని తిండి వేరే ఉంది, ఆ తిండి పెద్ద రొయ్యకి పనికిరాదు. కాబట్టి పిల్లతనం అంతటినీ ఒకే గాటన కట్టడం కుదరదు. ఎక్కడ ఆకలి మొదలైందో అక్కడ సొంత బతుకు మొదలైందని నేను గీత గీస్తాను. ఇంకొకరు ఇంకోచోట గీయొచ్చు. గీత గీయకుండా మొత్తాన్నీ విత్తనం అనడానికి మాత్రం ఒప్పుకోను.

పెద్ద కావడం అనేది కాలం గడిస్తే దానంతటదే జరిగేదని అనుకుంటాం. దీన్ని కూడా రొయ్య తల్లకిందులు చేస్తుంది. రొయ్య కన్ను ఒక కాడ మీద ఉంటుంది. ఆ కాడలో చూపుతో పాటు ఒక గ్రంథి ఉంటుంది. అండాలు ఎదగకుండా ఆపే హార్మోన్ అక్కడినుంచే వస్తుంది. "ఇప్పుడే వద్దు" అని చెప్పేది కన్నే అన్నమాట. 1943లో పానూస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కంటికాడ తీసేస్తే అండాశయం గబగబా ఎదుగుతుందని చూపించాడు. హేచరీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఆడ రొయ్య ఒక కంటికాడని నలిపో, కట్టో, కాల్చో తీసేస్తారు. కొద్ది రోజుల్లో అది తల్లి అవుతుంది. సీడ్ లక్షల లెక్కలో దొరకడం వెనక ఎన్నో ఒంటికన్ను తల్లులున్నాయి.

మన చట్టంలో దీనికి చోటెక్కడ? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం జంతువంటే మనిషి కాని ఏ ప్రాణైనా. రొయ్య కూడా, ఆమాటకొస్తే నాప్లియస్ కూడా. అదే చట్టంలో మినహాయింపులున్నాయి: పశువుల కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాతలు వేయడం, ముక్కుతాడు వేయడం. కంటికాడ మాట అందులో లేదు. ఎడ్లబండి చుట్టూ తిరిగే జీవితాన్ని ఊహించి రాసిన జాబితా అది. బ్రిటన్ 2022లో చేసిన చట్టం మాత్రం రొయ్యలు, పీతలు, ఆక్టోపస్‌లని పేరుపెట్టి, బాధ తెలిసిన ప్రాణుల్లో చేర్చింది. నేను రొయ్య తినడం మానలేదు, మానమని చెప్పడానికి ఇది రాయడమూ లేదు. కానీ ఒక తేడా నన్ను పీడిస్తుంది. చంపడం ఒక పని. ఒక ప్రాణికి పెద్దరికం ఎప్పుడు రావాలో చెప్పే అవయవాన్ని తీసేసి, మన షెడ్యూలు ప్రకారం తల్లిని చెయ్యడం ఇంకో పని. రెండోది మరీ సన్నిహితమైన జోక్యం.

ఇక పట్టుబడి రోజు. మూడు నాలుగు నెలలకి పట్టే వెనామీ ఇంకా ఈడుకి రాలేదు. బ్రాయిలర్ కోడి ఆరు వారాల పిల్ల, దానికింకా కూత రాలేదు, గుడ్డు పెట్టడానికి ఇంకా నెలలు పడుతుంది. నెల్లూరు గొర్రెలో పల్ల, జొడిపి, దొర ఏ రకమైనా సరే లేతది కావాలి. "లేత" అన్న మాట మన నోట్లో ఎంత మెత్తగా ఉంటుందో! లేత బెండకాయ, లేత కొబ్బరి, లేత మాంసం. మనం తినేది చాలావరకు పిల్లల్నే. మళ్ళీ ఆ గొర్రెపిల్లనే ఒళ్ళో పెట్టుకుని ఫోటో దిగుతాం. 1943లోనే కొన్రాడ్ లోరెంజ్ దీని గుట్టు చెప్పాడు: పెద్ద తల, పెద్ద కళ్ళు, గుండ్రటి బుగ్గలు చూస్తే మనలో లాలన పుడుతుంది. అంటే మన జాలి ఒక ఆకారానికి పలుకుతుంది. మైసిస్‌కి బుగ్గలు లేవు పాపం. దానిమీద జాలి పుట్టాలంటే ఆలోచించి పుట్టించుకోవాలి, దానంతటదే రాదు.

ఇక్కడ వరకూ రొయ్యల గొడవే అనుకుంటే సరే. కానీ పిల్లని విత్తనంగా చూసే చూపు మనుషుల మీద పడితే ఏమవుతుందో కావలికి తెలుసు. రైలు, ఉప్పు విధానాలు రాకముందు ఎరుకల వాళ్ళు తీరం నుంచి లోపలి ఊళ్ళకి పశువుల మీద ఉప్పు మోసుకుపోయి ధాన్యం తెచ్చే సంచార వర్తకులు. ఆ వర్తకం దెబ్బతిన్నాక, వాళ్ళ బతుకు ఎలా తలకిందులైందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్టుపురం అందరికీ తెలుసు, అది సాల్వేషన్ ఆర్మీది. కావలిలో కూడా సెటిల్‌మెంట్ ఉండేదని, దాన్ని అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ నడిపిందని ఇప్పటి కుర్రాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆ చట్టంలో ఒక సెక్షన్ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. తర్కం చాలా శుభ్రంగా ఉంటుంది: పెద్దలు చెడిపోయిన మాను, పిల్లలు ఇంకా మొక్కలు. ఒకేసారి రెండు సామెతలూ పనిచేశాయి. దూడ ఆవులా మేస్తుందన్న భయంతో విడదీయడం, మొక్క వంగుతుందన్న ఆశతో వంచడం.

నేను మనుషుల్ని రొయ్యలతో పోల్చడం లేదు, ఆ పని ఆ చట్టం చేసింది. పోలుస్తున్నది పిల్లని చూసే చూపుని. ఆ కాలపు శాస్త్రం కూడా దానికి వంతపాడింది. పిల్ల ఎదిగేటప్పుడు తన జాతి చరిత్రంతా మళ్ళీ నడుస్తుందని 1866లో హెకెల్ చెప్పాడు. దాన్ని పట్టుకుని 1904లో అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ బిడ్డ అంటే ఆదిమ మానవుడి లాంటివాడు అన్నాడు. దాన్ని తిరగేస్తే వలస పాలకుడికి కావలసిన వాక్యం వస్తుంది: వీళ్ళంతా ఇంకా బిడ్డలు, మేం పెద్దలం. జీవశాస్త్రంలో ఆ సిద్ధాంతం కూలిపోయి చాలాకాలమైంది. చట్టం 1952లో రద్దయింది. ముద్ర ఎవరి ఒంటి మీద ఎంతకాలం ఉండిపోయిందో ఆ కుటుంబాలని అడగాలి. ఆ పిల్లలకి ఏడేళ్ళప్పుడు ఏం కావాలనిపించిందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళు పెద్దయ్యాక దొంగలవుతారా కారా అన్నదొక్కటే లెక్క. ఆ లెక్క కూడా ఒక రకమైన కౌంటే.

గుంట మీద మనిషిని తక్కువ అంచనా వేయకూడదు. అతను సీడ్ అంటాడు, లక్షల్లో మాట్లాడతాడు, పిల్లకి పైసల్లో ధర కడతాడు. వదిలే ముందు మాత్రం, తెల్లవారుజామునో పొద్దువాలాకో, ఆక్సిజన్ నింపిన సంచులు విప్పకుండా గుంట నీళ్ళ మీద తేలనిస్తాడు. లోపలి నీళ్ళ వేడి, బయటి నీళ్ళ వేడి ఒకటయ్యేదాకా ఆగుతాడు. తరువాత సంచి మూతి విప్పి గుంట నీళ్ళు మగ్గుతో కొంచెం పోసి, ఆగి, మళ్ళీ కొంచెం పోస్తాడు. ఉప్పు తేడా వాటికి ఒక్కసారిగా తగలకూడదు. పక్కనున్న కుర్రాడు తొందరపడితే "ఉండరా, అవింకా పిల్లలు" అంటాడు. అప్పుడు మాత్రం అతని నోట సీడ్ అన్న మాట రాదు.